పేగు పంపిన కబురు

1902 జనవరి 16న లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ మత్తులో ఉన్న ఒక కుక్క మీద ప్రయోగానికి దిగారు. వాళ్లిద్దరూ సహోద్యోగులే కాదు, వరసకు బావా బావమరుదులు కూడా. స్టార్లింగ్ తోబుట్టువునే బేలిస్ పెళ్లాడాడు. కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు వచ్చే నరాలన్నీ తెంచి, రక్తనాళాలను మాత్రం అలాగే ఉంచారు. ఆ ముక్కలో కొద్దిగా ఆమ్లం పోశారు. కడుపులోని పులుపు పేగులోకి దిగగానే క్లోమం జీర్ణరసాన్ని వదులుతుందని అప్పటికే అందరికీ తెలుసు. ఆ కబురు నరాల మీదుగానే వెళ్తుందని రష్యాలో ఇవాన్ పావ్‌లోవ్ బలంగా చెబుతున్నాడు. ఆ మాటే నిజమైతే, నరాలు తెగిన ఈ పేగు ఎంత పిలిచినా క్లోమం పలకకూడదు.

కాసేపటికే క్లోమం నుంచి చుక్క చుక్కగా రసం కారడం మొదలైంది.

వాళ్లు అక్కడితో ఆగలేదు. పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో కలిపి ఇసుకలో నూరి, వడకట్టిన ద్రవాన్ని కుక్క రక్తనాళంలోకి ఎక్కించారు. మళ్లీ క్లోమం పలికింది. అంటే కబురు నరాల మీద కాదు, నెత్తురులో ప్రయాణిస్తోంది. దాన్ని మోసే పదార్థానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. ఇలా శరీరంలో ఒకచోట పుట్టి రక్తంలో పోయి మరోచోట పని చేయించే పదార్థాలన్నిటినీ 1905లో స్టార్లింగ్ హార్మోన్లని పిలిచాడు. ఆ వరసలో అన్నిటికన్నా ముందు గుర్తింపు పొందినది పేగులో పుట్టిన ఈ పెప్టైడే. ఇన్సులిన్ ఇరవై ఏళ్ల తర్వాత గానీ రాలేదు.

ఇటువంటి ప్రయోగాలకు జంతువులు చెల్లించిన మూల్యం గురించి లండన్ అప్పుడే వీధిన పడి వాదించుకుంది. 1903లో బేలిస్ తరగతిలో ఒక గోధుమరంగు కుక్క మీద జరిగిన ప్రదర్శనకు సరిగా మత్తు ఇవ్వలేదని ఇద్దరు స్వీడిష్ విద్యార్థినులు రాశారు. దాన్ని పట్టుకుని స్టీఫెన్ కోల్‌రిడ్జ్ బహిరంగ సభలో ఆరోపణ చేశాడు. బేలిస్ పరువు నష్టం దావా వేసి 2,000 పౌండ్లు గెలుచుకున్నాడు. 1906లో బ్యాటర్‌సీలో ఆ కుక్కకు విగ్రహం వెలిసింది. మరుసటి ఏడు దానికి వ్యతిరేకంగా వైద్య విద్యార్థులు అల్లర్లు చేశారు. 1910లో ఆ విగ్రహాన్ని తీసేశారు. సెక్రిటిన్ లాంటి పెప్టైడ్ల చరిత్ర రాసేటప్పుడు ఈ కుక్కలను, తర్వాత వచ్చిన లక్షలాది ఎలుకలను మరవడం తగదు. ఈ రోజు గాయాలు మాన్పే పెప్టైడ్లని అమ్ముడయ్యే వాటి గురించి తెలిసిన దానిలో చాలా భాగం ఎలుకల ఒంటి మీద తెలుసుకున్నదే.

పెప్టైడ్ అంటే అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన చిన్న దండ. దండ బాగా పొడవైతే ప్రోటీన్ అంటారు. సెక్రిటిన్‌లో 27 పూసలు, ఇన్సులిన్‌లో 51. కూర్పులో ఒక్క పూస మారినా దండ గుణం మారిపోవచ్చు. ఈ చిన్న విషయం మీదే తర్వాతి కథంతా నడుస్తుంది.

సెక్రిటిన్ ఉందని తేల్చడానికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. దాన్ని శుద్ధంగా విడదీయడానికి అరవై ఏళ్లు పట్టింది. స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ఎరిక్ యార్పెస్, విక్టర్ ముట్ కబేళాల నుంచి పంది పేగులను టన్నుల లెక్కన తెప్పించి, ఉడికించి, పిండి, చివరికి కొద్ది మిల్లీగ్రాముల పదార్థం సంపాదించారు. జాన్ ఎడ్కిన్స్ 1905లో ప్రకటించిన గ్యాస్ట్రిన్‌కు ఇంకా అన్యాయం జరిగింది. కడుపులో ఆమ్లాన్ని ఊరించే హార్మోన్ ఉందని ఆయన అంటే, అది హిస్టమిన్ ప్రభావమేనని చాలామంది కొట్టిపారేశారు. 1964లో లివర్‌పూల్‌లో రోడరిక్ గ్రెగరీ, హిల్డా ట్రేసీ గ్యాస్ట్రిన్‌ను శుద్ధంగా తీసి చూపించేనాటికి ఎడ్కిన్స్ లేడు.

ఈ కష్టాన్ని ఒక్కసారిగా తగ్గించినవాడు న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో పనిచేసిన బ్రూస్ మెరిఫీల్డ్. అంతకుముందు 1953లో విన్సెంట్ డు విన్యో 9 అమైనో ఆమ్లాల ఆక్సిటోసిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి రెండేళ్లకే నోబెల్ అందుకున్నాడు. తొమ్మిదింటిని కలపడమే అంత గొప్ప. ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని చేర్చిన ప్రతిసారీ ఆ పదార్థాన్ని శుద్ధి చేసుకుంటూ రావాలి, ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది. మెరిఫీల్డ్ మొదటి అమైనో ఆమ్లాన్ని సన్నని రెజిన్ గుళికకు అంటించి, మిగతావాటిని దానిమీదే వరసగా చేర్చి, మిగిలిపోయిన చెత్తను కడిగేశాడు. 1963లో ఆ పద్ధతి అచ్చయింది. కొన్నాళ్లకే ఆ పని యంత్రం చేసేసింది. 1984లో ఆయనకు నోబెల్ వచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల మందుల కంపెనీలలో కొన్నింటికి ఇప్పుడు పెప్టైడ్ల తయారీ ఒక ప్రత్యేక విభాగమంటే, దాని మూలం ఆ గుళికలోనే ఉంది. మందుగా పనిచేస్తుందో లేదో తేలని పెప్టైడ్‌ను కూడా ఎవరైనా చౌకగా తయారుచేసి సీసాలో పోసి అమ్మగలగడానికి మూలమూ అదే.

అలా అమ్ముడుపోయేవాటిలో అన్నిటికన్నా పేరున్నది జాగ్రెబ్‌లో పుట్టింది.

క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌కు మందుల ప్రపంచంలో మంచి చరిత్రే ఉంది. మన మందుల షాపుల్లో గొంతు నొప్పికీ జ్వరానికీ విరివిగా ఇచ్చే అజిత్రోమైసిన్‌ను 1980లో కనిపెట్టింది ఆ నగరంలోని ప్లీవా కంపెనీ శాస్త్రవేత్తలే. అదే నగరంలోని వైద్య కళాశాలలో ప్రెద్రాగ్ సికిరిచ్ బృందం 1990ల మొదట్లో ఒక పదార్థాన్ని ప్రకటించింది. మనిషి కడుపులోని జీర్ణరసంలో తమకు దొరికిందన్న ఒక ప్రోటీన్‌లో 15 అమైనో ఆమ్లాల ముక్క అది. దేహాన్ని కాపాడే పదార్థమన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో బీపీసీ-157 అని పేరు పెట్టారు.

ఆ కాలాన్ని గుర్తుచేసుకుంటే ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థమవుతుంది. విపరీతమైన ఒత్తిడిలో ఎలుకల కడుపులో పుండ్లు పడతాయని హాన్స్ సెల్యె 1936లోనే చూపించాడు. ఆమ్లాన్ని ఆపకుండానే కడుపు పొరను కాపాడే పదార్థాలున్నాయని అమెరికాలో ఆంద్రె రాబెర్ట్ 1979లో నిరూపించాడు. ఇంత ఘాటైన ఆమ్లంలో కడుపు తనను తాను ఎందుకు జీర్ణం చేసుకోదు? దాన్ని కాపాడేదేదో ఆ రసంలోనే ఉండాలి కదా. ప్రశ్న చాలా మంచిది. కానీ అదే సమయంలో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ కడుపు పుండ్లలో అధిక భాగం ఒక బ్యాక్టీరియా వల్ల వస్తున్నాయని తేల్చారు. అల్సర్ వైద్యం యాంటీబయాటిక్స్ వైపు తిరిగింది. కడుపు పొరను కాపాడే మందుల కోసం వెతికినవాళ్లు వేరే గాయాల వైపు చూడవలసి వచ్చింది.

జాగ్రెబ్ బృందం అలాగే చూసింది. కడుపు పుండ్లతో మొదలైన ప్రయోగాలు పేగుపూత, పేగు కుట్లు, కాలేయం, ఎముకలు, కండరాలు, మెదడు దాకా పోయాయి. ఎలుక మడమ పైనున్న స్నాయువును కోసి ఈ పెప్టైడ్ ఇస్తే త్వరగా అతుక్కుందన్న పరిశోధనే తర్వాత క్రీడాకారుల చెవిన పడింది. తైవాన్‌లోని చాంగ్ గుంగ్ పరిశోధకులు 2011లో ఎలుకల స్నాయువు కణాల మీద విడిగా పరీక్షించి, కణాల కదలిక పెరిగిందని రాశారు. అలాంటి బయటి సాక్ష్యాలు కొద్దిగానే ఉన్నాయి. ఈ పెప్టైడ్ మీద వచ్చిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఒకే బృందానిది. ఆ బృందాన్ని అనుమానించడానికి ఈ మాట చెప్పడం లేదు. ఎన్నో వేరు వేరు చేతులు అదే ప్రయోగాన్ని చేసి అదే ఫలితం పొందినప్పుడే శాస్త్రంలో ఒక మాట నిలబడుతుంది. పావ్‌లోవ్ అంతటివాడు కూడా లండన్ ప్రయోగాన్ని తన ప్రయోగశాలలో మళ్లీ చేయించి చూశాకే సెక్రిటిన్‌ను ఒప్పుకున్నాడు.

మనుషుల మీద ఏం జరిగింది? పేగుపూత రోగమైన అల్సరేటివ్ కొలైటిస్ కోసం ప్లీవా ఈ పదార్థాన్ని ఎనిమాగా పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ ఫలితాలు పూర్తి నివేదికగా అచ్చు కాలేదు. 2015లో ఆరోగ్యవంతుల మీద ఒక భద్రతా పరీక్ష నమోదైంది, దాని ఫలితాలూ అచ్చు కాలేదు. తర్వాత వచ్చినవి కొద్దిమంది రోగుల అనుభవాలు చెప్పే చిన్న చిన్న నివేదికలు. వాటిలో మందు తీసుకోనివారితో పోలిక లేదు. ఎలుకల్లో ఇది కొత్త రక్తనాళాలను పుట్టిస్తుందంటారు. గాయానికి అది మేలే. కానీ కంటికి కనపడని కణితి ఒంట్లో ఉన్నవారికి అదే గుణం ఏం చేస్తుందన్న ప్రశ్నకు జవాబు ఏ ఎలుకా చెప్పలేదు.

బీపీసీ-157కు జంటగా చాలామంది పేర్కొనే మరో పదార్థం టీబీ-500. దాని చరిత్ర కడుపు నుంచి కాక గుండె పైన ఉండే థైమస్ గ్రంథి నుంచి మొదలైంది. 1966లో న్యూయార్క్‌లో ఆబ్రహాం వైట్, ఆలన్ గోల్డ్‌స్టీన్ దూడల థైమస్ నుంచి థైమోసిన్ అనే సారాన్ని తీశారు. దాన్ని విడగొట్టగా వచ్చిన 28 అమైనో ఆమ్లాల థైమోసిన్ ఆల్ఫా-1 కొన్ని దేశాల్లో హెపటైటిస్-బి మందుగా అనుమతి పొందింది. 1981లో తేలిన థైమోసిన్ బీటా-4లో 43 ఉన్నాయి. కణం కదలడానికి కావలసిన యాక్టిన్ అనే ప్రోటీన్‌ను అది పట్టి ఉంచుతుందని తర్వాత తెలిసింది. గాయం మానాలంటే కణాలు అంచుల నుంచి పాకి రావాలి. కాబట్టి దీన్ని గాయాల మందుగా పరీక్షించడంలో తర్కం ఉంది. కంటిపొర గాయాలకు చుక్కల మందుగా అది పెద్ద పరీక్షల దాకా వెళ్లింది, కానీ అమెరికాలో అనుమతి రాలేదు.

టీబీ-500 పేరుతో గుర్రాలకు అమ్ముతున్న సీసాలను డోపింగ్ పరీక్షల నిపుణులు 2012 ప్రాంతంలో విశ్లేషిస్తే, అందులో ఉన్నది మొత్తం 43 కాదు, మధ్యనుంచి తీసిన ఏడింటి ముక్క. పెద్ద అణువు మీద జరిగిన పరీక్షల మంచిపేరు చిన్న ముక్కకు అంటగట్టి అమ్మడం ఈ వ్యాపారంలో అన్నిటికన్నా పెద్ద మోసం. ఏడు పూసలు 43 పూసలు చేసే పని చేస్తాయని ఎవరూ నిరూపించలేదు.

ఆ 2012లోనే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో పేరున్న ఎసెండన్ క్లబ్ ఆటగాళ్లకు త్వరగా కోలుకోవడం కోసమని సూదులు వేశారు. దర్యాప్తు, విచారణలు మూడేళ్లు సాగాయి. స్థానిక ట్రిబ్యునల్ మొదట వాళ్లను నిర్దోషులంది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ అప్పీలుకు పోయింది. 2016 జనవరిలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం 34 మంది ఆటగాళ్లు థైమోసిన్ బీటా-4 తీసుకున్నారని నిర్ధారించి రెండేళ్ల నిషేధం విధించింది. సూదిలో ఏముందో సరిగా తెలియని కుర్రాళ్లు ఒక సీజన్ మొత్తం ఆటకు దూరమయ్యారు.

ఆ సూదులు వేసిన ఏడాదే ఈ కథకు రెండో ముఖం కూడా కనిపించింది. 2012 ఆగస్టులో లినాక్లోటైడ్, డిసెంబరులో టెడుగ్లూటైడ్ అమెరికాలో మందులుగా అనుమతి పొందాయి. రెండూ పేగు కోసం చేసిన పెప్టైడ్లే. టెడుగ్లూటైడ్ కథను కాస్త వివరంగా చెప్పుకోవాలి.

1971లో లండన్ వైద్యులు ఒక వింత రోగిని గురించి రాశారు. ఆమె మూత్రపిండంలో కణితి ఉంది, చిన్నపేగు లోపలి మడతలు మాత్రం అసాధారణంగా పొడుగ్గా పెరిగాయి. కణితి గ్లూకగాన్‌ను పోలిన హార్మోన్‌ను వదులుతోంది. దాన్ని కోసి తీసేశాక పేగు మళ్లీ మామూలైంది. కణితి వదిలే దేనికో పేగును పెంచే గుణం ఉందన్నమాట. అదేమిటో తేలడానికి పాతికేళ్లు పట్టింది. 1996లో టొరంటోలో డేనియల్ డ్రకర్ బృందం జీఎల్‌పీ-2 అనే 33 అమైనో ఆమ్లాల పెప్టైడ్ ఎలుకల చిన్నపేగును పెంచుతుందని చూపించింది. ఈ రోజు బరువు తగ్గే సూదులుగా ఇంటింటా వినిపిస్తున్న మందులు అనుకరించే జీఎల్‌పీ-1కు ఇది తోబుట్టువు. రెండూ ఒకే పెద్ద ప్రోటీన్ నుంచి తెగి వస్తాయి.

చిక్కల్లా, జీఎల్‌పీ-2ను రక్తంలోని ఒక ఎంజైము నిమిషాల్లో కొరికేస్తుంది. ఎక్కడ కొరుకుతుందో చూసి, రెండో స్థానంలోని అలనిన్‌ను తీసి గ్లైసిన్ పెట్టారు. ఒక్క పూస మార్పు. ఎంజైముకు పట్టు దొరక్కుండా పోయింది. అదే టెడుగ్లూటైడ్.

పేగులో చాలా భాగం కోసేయవలసి వచ్చిన రోగులు నోటితో ఎంత తిన్నా ఒంటికి పట్టదు. రాత్రంతా రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కించుకుంటేనే బతుకుతారు. అలాంటి 86 మందిని తీసుకుని సగం మందికి మందు, సగం మందికి మందు లేని సూది ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. ఎక్కించే ద్రవం అవసరం కనీసం ఐదో వంతు తగ్గినవారు మందు వైపు 63 శాతం, ఉత్త సూది వైపు 30 శాతం. ఆ రెండో అంకె మీద కాసేపు ఆగాలి. ఏ మందూ పడని వారిలో కూడా నూటికి ముప్పై మంది మెరుగయ్యారు. పోల్చడానికి ఈ రెండో గుంపు లేకపోతే ఆ ముప్పై మంది మేలు కూడా మందు ఖాతాలోకే పోయేది. సీసా కొని సూది వేసుకుని మోకాలు తగ్గిందని చెప్పేవారి మాట అబద్ధం కాకపోవచ్చు. తగ్గినది పెప్టైడ్ వల్లేనని మాత్రం ఆ మాట చెప్పలేదు. టెడుగ్లూటైడ్‌కూ వెల ఉంది. ఏడాదికి 2,95,000 డాలర్లతో అది అమెరికా మార్కెట్లోకి వచ్చింది. పేగు పొరను పెంచే మందు పాలిప్స్ అనే చిన్న మొలకలను కూడా పెంచవచ్చని, వాడేవారికి కొలనోస్కోపీ పరీక్షలు తప్పనిసరి చేశారు. పెంచే గుణమున్న ఏ పెప్టైడ్‌కైనా ఆ జాగ్రత్త అవసరమే.

లినాక్లోటైడ్ పుట్టుక ఇంకా ఆశ్చర్యం. ప్రయాణాల్లో నీళ్ల విరేచనాలు తెప్పించే ఇ-కోలి బ్యాక్టీరియా విషం పేగు గోడ మీది ఒక తాళాన్ని తెరిచి నీటిని వదిలిస్తుంది. 1992లో మార్క్ కరీ బృందం ఆ తాళానికి మన ఒంట్లోనే పుట్టే సహజమైన చెవి గ్వానిలిన్‌ను కనుక్కుంది. ఆ విషం నమూనాలో 14 అమైనో ఆమ్లాలు, మూడు గంధకపు ముళ్లతో బిగించిన పెప్టైడ్ తయారుచేసి మొండి మలబద్ధకానికి మాత్రగా ఇచ్చారు. ఆ ముళ్ల వల్లే అది కడుపులో అరిగిపోకుండా పేగు దాకా చేరుతుంది.

విషాల నుంచి వచ్చిన ప్రతి ఆశా ఫలించలేదు. కలరా విషం పేగులో ఎలా పనిచేస్తుందో 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేలు పేగుల మీద చూపించాక ఆ బ్యాక్టీరియా మీద పరిశోధన విస్తరించింది. దాని మరో విషాన్ని చదువుతూ అమెరికాలో అలెసియో ఫసానో, పేగు కణాల మధ్య సందులు తెరుచుకునే తీరు మీద పరిశోధించాడు. ఆ సందులను మూసే 8 అమైనో ఆమ్లాల లారాజోటైడ్‌ను గోధుమలు పడని సీలియాక్ రోగుల మీద చివరి దశ దాకా పరీక్షించారు. 2022లో మధ్యంతర లెక్కలు చూసి ఆపేశారు. పేగు సందులు పూడ్చే మందులన్న ప్రచారం మాత్రం ఈనాటికీ ఆగలేదు.

ఇక కేపీవీ. ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ హార్మోన్ తోకలోని మూడంటే మూడు అమైనో ఆమ్లాలివి. 2008లో అమెరికాలో డిడియర్ మెర్లిన్ బృందం దీన్ని నోటి ద్వారా ఇస్తే పేగు వాపున్న ఎలుకలకు మేలు చేసిందని రాసింది. ఎలుకల ఫలితం దగ్గరే అది నిలిచి ఉంది.

పోల్చి చూడనిదే నమ్మకూడదన్న పాఠం సెక్రిటిన్ విషయంలోనే ఒకసారి గట్టిగా తగిలింది. 1996లో అమెరికాలో పొట్ట పరీక్ష కోసం సెక్రిటిన్ ఎక్కించిన ఒక ఆటిజం బాలుడు తర్వాత బాగా మాట్లాడసాగాడన్న వార్త 1998 నాటికి టీవీకి ఎక్కింది. దేశమంతటా తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. 1999 డిసెంబరులో 56 మంది పిల్లల మీద పోల్చి చూసిన ఫలితం అచ్చయింది. మందు పడ్డ పిల్లలూ, ఉత్త సూది పడ్డ పిల్లలూ ఒకే తీరున ఉన్నారు. అంతకన్నా బాధ కలిగించేదేమిటంటే, ఫలితం తెలిశాక కూడా ఆ తల్లిదండ్రుల్లో చాలామంది మందు ఇంకా కావాలనే అన్నారు. వాళ్లను తప్పుపట్టడం అన్యాయం. ఆశను అమ్ముకోవడానికి ముందు పరీక్ష చేయించే బాధ్యత అమ్మేవాళ్లది.

2022లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ బీపీసీ-157ను పేరు పెట్టి నిషేధించింది. 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీన్ని భద్రత విషయంలో గట్టి అనుమానాలున్న పదార్థాల జాబితాలో చేర్చి, ఒంట్లో రోగనిరోధక ప్రతిచర్యలు, తయారీలో మిగిలే మలినాలు, మనుషుల మీద చాలినంత సమాచారం లేకపోవడం కారణాలుగా చూపింది. టెడుగ్లూటైడ్ మీద నిర్ణయానికి 86 మంది రోగులు, ఆరు నెలల పరీక్ష ప్రధాన ఆధారమయ్యాయి. జాగ్రెబ్ పెప్టైడ్ వెలుగులోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కొలైటిస్ రోగుల్లో గానీ, స్నాయువు తెగిన క్రీడాకారుల్లో గానీ ఆపాటి పోలిక పరీక్షను ఎవరూ పూర్తిచేసి ప్రచురించలేదు.